ఎదుటి మనసును తెలిసికొనే మెదడు

మార్కాపురం అనగానే తెలుగువారిలో ఒక తరానికి పలక జ్ఞాపకం వస్తుంది. కొయ్య చట్రంలో బిగించిన నల్లని రాతిపలక మీద ఓనమాలు దిద్దకుండా బడి దాటిన పిల్లవాడు ఒకప్పుడు అరుదు. బురదమట్టి భూగర్భంలో కోట్లాది సంవత్సరాల ఒత్తిడికి గట్టిపడి, రేకులు రేకులుగా చీలే రాయిగా మారగా ఏర్పడిన పొరలు ఇవి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ పొరల వరుసకు దగ్గరలోని కంభం ఊరి పేరే పెట్టారు. కాగితం చౌక అయిన తరువాత బడిపలకలకు గిరాకీ పడిపోయినది. ఆ రాయి గోడలకూ, నేలలకూ పరిచే బండలుగా పోవడం మొదలైనది. అయినా చెప్పబోయే సంగతికి పలకకంటె అనువైన వస్తువు మరొకటి దొరకదు.

పలక చేతబట్టిన అయిదేండ్ల పిల్లవానిని గమనించండి. అక్షరం రాయడం పూర్తికాగానే వాడు పలకను పంతులుగారి వైపు త్రిప్పి పట్టుకొని, ఆయన ముఖంలోకి చూస్తాడు. పలక తనవైపు ఉంటే ఆయనకు కనబడదని వానికి తెలుసు. ఆయన మెచ్చుకొన్నాడో, విసుక్కొన్నాడో ముఖం చూస్తే తెలుస్తుందని కూడా తెలుసు. ఈ రెండు సంగతులనూ వానికి ఎవరూ పాఠంగా చెప్పలేదు. అక్షరాలకూ, ఎక్కాలకూ బడి కావాలి; ఎదుటివాని చూపును, ఎదుటివాని మనసును తెలిసికోవడానికి బడి అక్కరలేనట్లే కనబడుతుంది.

అదే తరగతిలో మరొక పిల్లవాడు ఉండవచ్చు. అక్షరాలు ముత్యాలవలె రాస్తాడు. పలక మాత్రం ఎవరికీ చూపడు. పేరు పెట్టి పిలిస్తే పలకడు గాని, దూరాన రైలు కూత వినబడితే చప్పున తల ఎత్తుతాడు. గుంటూరు నుండి నంద్యాల పోయే బండ్లు ఏ వేళకు ఏ స్టేషను చేరుతవో తప్పు లేకుండా చెప్పగలడు. పక్కనున్న పిల్లవాడు ఎందుకు ఏడుస్తున్నాడో చెప్పలేడు. ఇటువంటి పిల్లలకు పల్లెటూళ్లు తమకు తోచిన పేర్లు పెట్టుకొన్నవి: ముభావి, మొండివాడు, వెర్రిబాగులవాడు, గాలి సోకినవాడు. మరొక మెట్టు పైకెక్కి ‘మందమతి’ అన్న చదువుకొన్నవారూ ఉన్నారు. ఇన్ని పేర్లలో ఒక్కటీ ఆ పిల్లవాని మెదడు ఏమి చేస్తున్నదో చెప్పదు. ఆ దారిలో కొంత దూరం పోవడానికే శాస్త్రజ్ఞులకు దాదాపు నూరేండ్లు పట్టినది.

సరియైన పేరు పెట్టినంత మాత్రాన పని పూర్తి కాదు గాని, పేరు లేకపోతే పని మొదలే కాదు. ఇందుకు పశ్చిమ ప్రకాశంలోనే ఒక నిదర్శనం గలదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే వరకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలోనివి. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోనివి. ఆనాటి నెల్లూరు జిల్లా మెట్ట పల్లెలలో పండ్లు గారపట్టి, నడివయసు రాకముందే నడుము వంగి, మెడ తిరగక మంచాన పడేవారు తరతరాలుగా ఉన్నారు. కర్మఫలమని సరిపెట్టుకొనేవారు. 1937లో షార్ట్, మెక్రాబర్ట్ మొదలైన వైద్యులు ఆ రోగులను పరిశీలించి, ఇది త్రాగేనీటిలోని ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్ అని ప్రకటించారు. భారతదేశంలో ఆ వ్యాధిని గూర్చిన తొలి నివేదికలలో ఇది ముఖ్యమైనది. కర్మ అన్నప్పుడు చేయగలిగినది ఏమీ లేదు. నీరు అన్నప్పుడు బావి మార్చవచ్చును. మనసుకు సంబంధించిన మన కథ ఇంతకంటె చిక్కైనది. దానికి బావినీటివంటి ఒకే కారణం లేదు. పైగా అది వ్యాధియా, లేక మనిషి మెదడు పెరగగల తీరులలో మరొకటియా అన్న తర్కం ఇంకా సాగుతూనే ఉన్నది. ఫ్లోరైడుకూ దానికీ ముడిపెట్టడం ఇక్కడి ఉద్దేశం కాదని కూడా పాఠకులు గమనించవలె. పోలిక పేరు పెట్టడంలోనే.

ఫారెస్ట్ ఊరి బాలుడు

ఆ 1937వ సంవత్సరంలోనే భూగోళానికి అవతలి వైపున, అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, ఫారెస్ట్ అనే చిన్న ఊరి పిల్లవానిని తల్లిదండ్రులు ఒక ఆరోగ్యశాలలో అప్పగించి వచ్చారు. వాని పేరు డోనాల్డ్ ట్రిప్లెట్. 1933లో పుట్టాడు, తండ్రి న్యాయవాది. మాటలు వస్తూనే పాటలు కంఠస్థం చేశాడు. అంకెలంటే ప్రాణం. గుండ్రని వస్తువు ఏది దొరికినా నేలమీద గిర్రున త్రిప్పుతూ ఆనందించేవాడు. తల్లి వచ్చినా, తండ్రి వచ్చినా తల ఎత్తి చూసేవాడు కాడు. ఇంటికి దూరంగా ఉంచితే మేలని వైద్యులు సలహా చెప్పారు. ఏడాది గడిచిన తరువాత తల్లిదండ్రులు మనసు ఒప్పక పిల్లవానిని తిరిగి ఇంటికి తెచ్చుకొన్నారు. తండ్రి కూర్చొని కొడుకు నడవడి అంతా 33 పుటల జాబుగా రాసి, బాల్టిమోరు నగరంలో పిల్లల మానసిక వైద్యుడైన లియో కానర్‌కు పంపాడు.

కానర్ 1938లో డోనాల్డును చూశాడు. ఆ తరువాత అటువంటి పిల్లలు మరికొందరు ఆయనవద్దకు వచ్చారు. 1943లో పదకొండుమందిని వర్ణిస్తూ ఒక వ్యాసం ప్రకటించాడు. అందులో మొదటివాడు ‘డోనాల్డ్ టి’. తక్కిన పిల్లలు నడకతో పుట్టకపోయినా నడక నేర్చే శక్తితో పుట్టినట్లు, మనుషులతో మనసు కలిపే శక్తితో కూడా పుడతారు. ఈ పిల్లలలో పుట్టుకతోనే ఆ శక్తి వేరుగా ఉన్నదని ఆయన అభిప్రాయం. ఇందుకు ‘ఆటిజం’ అన్న మాటను వాడాడు. గ్రీకు భాషలో ‘ఆటోస్’ అనగా ‘తాను’. స్విట్జర్లాండు వైద్యుడు బ్లాయిలర్ 1911 ప్రాంతంలో మరొక మనోవ్యాధికి వాడిన మాటను కానర్ తెచ్చి ఇక్కడ పెట్టాడు. అరువు మాట కావడంవల్ల ఈ రెండింటినీ ఒకటిగా భ్రమించడం చాలాకాలం సాగినది.

డోనాల్డ్ కథలో వ్యవసాయం తెలిసినవారికి రుచించే ఘట్టం ఒకటి ఉన్నది. తొమ్మిదేండ్ల వయసులో వానిని ఊరికి దగ్గరలో ఒక రైతు దంపతుల ఇంట ఉంచారు. కానర్ 1945లో అక్కడికి పోయి చూచి ఆశ్చర్యపడ్డాడు. పిల్లవానికి కొలతల పిచ్చి గదా, ఆ రైతు వానిచేత బావి త్రవ్వించి లోతు కొలిచి చెప్పమన్నాడు. మొక్కజొన్న సాళ్లను మళ్లీ మళ్లీ లెక్కబెడుతుంటే, నాగలి చేతికిచ్చి దున్నుతూ లెక్కబెట్టమన్నాడు. కానర్ చూస్తుండగా డోనాల్డ్ ఆరు పొడవైన సాళ్లు దున్ని, ప్రతి కొసనా గుర్రాన్ని నేర్పుగా మళ్లించాడట. ఆ రైతు మనోవైద్యం చదివినవాడు కాడు. పిల్లవాని లెక్కను మానిపించబోలేదు. దానికి పొలంలో ఒక చోటు చూపాడు.

తరువాతి సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. డోనాల్డ్ 1958లో కళాశాల పట్టం పొంది, తన ఊరి బ్యాంకులోనే ఉద్యోగం చేశాడు. కారు నడపడం నేర్చాడు, దేశదేశాలు ఒంటరిగా తిరిగాడు, 2023లో 89 ఏండ్ల వయసున మరణించాడు. ఫారెస్ట్ ఊరివారు ఆయన తీరును ఎరిగి, తమవానిగా చూసుకొన్నారు. ఇంటిలో డబ్బూ, ఊరిలో పలుకుబడీ ఉండడం ఇందుకు సాయపడినదన్న మాట కూడా దాచనక్కరలేదు.

కానర్‌కు ముందే ఇటువంటి పిల్లలను వర్ణించినవారు లేకపోలేదు. మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే వైద్యురాలు 1925లోనే ఆరుగురు బాలురను గూర్చి ఎంతో సూక్ష్మంగా రాసినది. ఆమె పేరు దశాబ్దాల తరబడి మరుగున పడిపోయినది. వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ 1944లో నలుగురు బాలురను వర్ణించాడు. మాట ధారాళంగా వచ్చి, ఒకే విషయం మీద అపారమైన జ్ఞానం గలిగి, తోటివారితో మెలగలేని పిల్లలు వీరు. ఆస్పెర్గర్ చాలాకాలం ఆ పిల్లల రక్షకునిగా కీర్తింపబడ్డాడు. ఆస్ట్రియా చరిత్రకారుడు హెర్విగ్ చెక్ పాత దస్తావేజులు వెలికితీసి 2018లో ప్రకటించిన పరిశోధన ఆ కీర్తిని చెరిపివేసినది. నాజీ పాలనలో వియన్నాలోని ‘ఆమ్ ష్పీగెల్‌గ్రుండ్’ అనే ఆసుపత్రిలో 789 మంది పిల్లలు చనిపోయారు. చాలామందిని బ్రతుకదగనివారని చంపివేశారు. ఆస్పెర్గర్ తాను పరీక్షించిన పిల్లలలో కొందరిని అక్కడికి పంపినట్లు తేలినది. ఒక పిల్లవానికి వైద్యుడు పెట్టే పేరు ఎక్కడికి దారి తీయగలదో ఇంతకంటె ఘోరంగా చెప్పే ఉదాహరణ వైద్య చరిత్రలో అరుదు.

యుద్ధం ముగిసిన తరువాత నింద తల్లిమీద పడినది. తల్లిదండ్రులలో ఆప్యాయత లోపించిందని కానర్ స్వయంగా 1949లో రాశాడు. ‘రిఫ్రిజిరేటరు తల్లులు’ అన్న మాట వ్యాపించినది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ రాసిన పుస్తకం ఈ నిందను ఇంటింటికీ చేర్చినది. మన పల్లెలలో ‘తల్లి పెంపకం’ అని కోడలిని దెప్పిపొడిచే అత్తగారికీ, ఈ పండితులకూ పెద్ద తేడా లేదనిపిస్తుంది. బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, తానే అటువంటి పిల్లవానికి తండ్రి, 1964లోనే దీనిని ఖండించి ఇది మెదడుకు సంబంధించినదని వాదించాడు. కానర్ 1969లో తల్లిదండ్రుల సభలోనే వారిని ఆ నింద నుండి విముక్తులను చేశాడు. వాదానికి తూకపు రాయి మాత్రం 1977లో దొరికినది. లండనులో సూసన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ 21 జతల కవలలను పరిశీలించారు. ఒకే అండం నుండి పుట్టిన 11 జతలలో నాలుగింటిలో ఇద్దరికీ ఆటిజం ఉన్నది. వేరువేరు అండాల నుండి పుట్టిన 10 జతలలో ఒక్క జతలో కూడా ఇద్దరికీ లేదు. అందరూ ఒకే తల్లి చేతిలో పెరిగినవారే. పెంపకమే కారణమైతే ఈ తేడా రాకూడదు. జన్యువుల పాత్రను తేల్చిచెప్పిన తొలి లెక్క ఇది. తరువాతి పరిశోధనలలో దీనికి సంబంధించిన జన్యువులు ఒకటి రెండు కాక వందల సంఖ్యలో ఉన్నట్లు తెలియవచ్చినది.

బలపం ఎక్కడున్నది?

ఇంతవరకు జరిగినది పిల్లల వర్ణన. ఎదుటి మనసును తెలిసికోవడం అనే పనిని విడదీసి పరీక్షించడం 1978 తరువాతనే మొదలైనది. ఆ ఏడు ప్రీమాక్, వుడ్రఫ్ అనే శాస్త్రజ్ఞులు, చింపాంజీకి ఎదుటివాని మనసులో ఒక ఉద్దేశం ఉన్నదని తెలుసునా అని ప్రశ్నించారు. ఆ ప్రశ్నను 1983లో విమ్మర్, పెర్నర్ అనేవారు పిల్లలకు పెట్టారు. 1985లో లండనులో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ రెండు బొమ్మలతో చేసిన ప్రయోగం ప్రపంచ ప్రసిద్ధమైనది. దానిని మన బడికి తగినట్లు చెప్పుకొందాము.

గౌరి తన బలపాన్ని సంచిలో పెట్టి నీళ్లు త్రాగడానికి పోయినది. ఆమె లేనప్పుడు లక్ష్మి ఆ బలపాన్ని తీసి డబ్బాలో దాచినది. గౌరి తిరిగి వచ్చినది. బలపంకోసం ఎక్కడ వెదుకుతుంది?

మూడేండ్ల పిల్లలలో చాలామంది ‘డబ్బాలో’ అంటారు. బలపం నిజంగా ఉన్నది అక్కడే గదా! అయిదేండ్లవారు ‘సంచిలో’ అని నవ్వుతారు. గౌరి మనసులో ఉన్నది నిజం కాదు, అయినా ఆమె దానినే నమ్ముతుంది, నమ్మినట్లే నడుస్తుంది అని వారికి తెలిసినది. లండను ప్రయోగంలో మామూలు పిల్లలు 27 మంది, డౌన్ సిండ్రోము గల పిల్లలు 14 మంది, ఆటిజం గలవారు 20 మంది. మొదటి రెండు తెగలలో నూటికి 85 మంది సరిగా చెప్పారు. ఆటిజం గల 20 మందిలో 16 మంది తప్పారు. వీరి సగటు బుద్ధి వయసు డౌన్ సిండ్రోము పిల్లలకంటె ఎక్కువే. అనగా తెలివితేటలు వేరు, ఎదుటి మనసును తెలిసికోవడం వేరు. ‘మందమతి’ అన్న పాత పేరు ఈ ఒక్క లెక్కతో చెల్లకుండా పోయినది. అయితే నలుగురు సరిగానే చెప్పారన్న సంగతి చాలామంది మరచిపోతారు. అందరినీ ఒకే మూసలో పోయడానికి వీలు లేదని మొదటి ప్రయోగమే చెప్పినది.

ఇది లండను పిల్లల విశేషమేమో అన్న సందేహం సహజం. కెనడా, భారతదేశం, పెరూ, సమోవా, థాయిలాండు దేశాల పిల్లలకు ఇటువంటి పరీక్షే పెట్టి, తారా కాలహన్ బృందం 2005లో ఫలితాలు ప్రకటించినది. అయిదు దేశాలలోనూ మూడేండ్లవారు తప్పారు. అయిదేండ్ల ప్రాంతంలో చాలామంది గట్టెక్కారు. అన్నం, భాష, ఆచారం వేరైనా ఈ మొలక దాదాపు ఒకే వయసులో తల ఎత్తుతుంది.

మొలకకు నీరు కావాలి. ఆ నీరు మాటలు. ఆస్ట్రేలియాలో పీటర్సన్, సీగల్ 1995లో పుట్టుచెవిటి పిల్లలను పరీక్షించారు. ఈ పిల్లలకు ఆటిజం లేదు. అయినా వినగల తల్లిదండ్రుల ఇండ్లలో, సైగల భాష ఆలస్యంగా నేర్చిన పిల్లలలో ఎక్కువమంది పరీక్ష తప్పారు. తల్లిదండ్రులు కూడా చెవిటివారై, పుట్టినది మొదలు సైగలతో ముచ్చటించిన ఇండ్లలోని పిల్లలు తక్కినవారివలెనే వేళకు నేర్చుకొంటారని తరువాత తేలినది. ‘అన్నకు కోపం వచ్చింది, వాడు అట్లా అనుకొన్నాడు’ అన్నటువంటి ఇంటి కబుర్లలోనుండే మనసుల జ్ఞానం పెరుగుతున్నది. మాట్లాడని పిల్లవానితో మాట్లాడడం దండగ అనుకొనే ఇంటివారికి తెలియవలసిన సంగతి ఇది.

మరి మెదడులో ఏమి జరుగుతున్నది? లెస్లీ బ్రదర్స్ అనే శాస్త్రజ్ఞురాలు 1990లో ‘సాంఘిక మెదడు’ అన్న మాటకు ఒక రూపమిచ్చినది. తోటివారిని గుర్తించి, వారి ఉద్దేశాలను పసిగట్టే పనిలో ముఖ్యంగా మూడు భాగాలు కలిసి పనిచేస్తవని ఆమె చెప్పినది: బాదంగింజ ఆకారంలోని అమిగ్డలా, కండ్ల పైభాగాన నుదుటి వెనుకనున్న మెదడు ముంగిలి, కణతల లోపలి మడత. అయస్కాంత తరంగాలతో బ్రతికిఉన్న మెదడును చిత్రించే యంత్రాలు వచ్చిన తరువాత ఈ పటం విస్తరించినది. ముఖాలు చూసినప్పుడు ప్రత్యేకంగా చురుకయ్యే చోటును నాన్సీ కాన్విషర్ బృందం 1997లో గుర్తించినది. ఎదుటివాని నమ్మకాన్ని గూర్చి ఆలోచించినప్పుడు చెవికి పైగా వెనుకనున్న ఒక చోటు చురుకవుతుందని రెబెకా సాక్స్, కాన్విషర్ 2003లో చూపారు. అంతమాత్రాన మెదడులో ‘సంఘం’ అని బోర్డు కట్టిన గది ఒకటి ఉన్నదనుకోరాదు. ఇది దూరదూరపు భాగాల మధ్య పోయే దారుల పొత్తు. ఆ దారులు చిన్ననాడే పూర్తి కావు. ఇరవై ఏండ్లు దాటే వరకు కొన్ని తెగుతూ, కొన్ని బలపడుతూ ఉంటవి. హైస్కూలు పిల్లలు తోటివారి మాటకు ఇంటివారి మాటకంటె ఎక్కువ విలువ ఇచ్చే కాలం, ఈ దారుల మరమ్మతు జోరుగా సాగే కాలమూ ఒకటే.

మొదలు ఎక్కడ? అప్పుడే పుట్టిన శిశువు తనవైపు నేరుగా చూసే ముఖాన్ని ఎక్కువసేపు చూస్తుందని 2002లో తెరెసా ఫరోనీ బృందం కనిపెట్టినది. 2013లో వారెన్ జోన్స్, అమీ క్లిన్ మరొక అడుగు వేశారు. అన్న లేక అక్కకు ఆటిజం ఉన్న శిశువులను ఎన్నుకొని, రెండవ నెల నుండి వారి చూపును యంత్రంతో కొలుస్తూ, మూడేండ్లు నిండే వరకు వేచి చూశారు. తరువాత ఆటిజం తేలిన పిల్లలు కూడా రెండవ నెలలో తక్కినవారివలెనే కండ్లవైపు చూశారు! రెండవ నెలకూ ఆరవ నెలకూ మధ్య ఆ చూపు క్రమంగా తగ్గినది. కానర్ అనుకొన్నట్లు ఆ శక్తి పుట్టుకతోనే లోపించలేదు. ఉండి, వేరు దారి పట్టినది. చూపు వేరైతే కనబడే లోకం వేరవుతుంది, కనబడే లోకాన్ని బట్టి మెదడు దారులు వేరవుతవి. కారణమేది, కార్యమేది అని విడదీయడం ఇక్కడ తేలిక కాదు.

సికింద్రాబాదు కొలబద్ద

కండ్లలోకి చూడడం అన్నది పాశ్చాత్య పరీక్షలన్నిటిలో ముఖ్య చిహ్నం. మన ఊళ్లలో పెద్దల ఎదుట తల వంచుకొని నిలబడడం మర్యాద. పంతులుగారి కండ్లలోకి సూటిగా చూసే పిల్లవానిని పొగరుబోతు అంటారు. కాబట్టి లండనులోనో, అమెరికాలోనో తయారైన కొలబద్దను ఉన్నదున్నట్లు తెచ్చి గిద్దలూరు పిల్లవానికి పెడితే కొలత తప్పవచ్చు.

ఈ చిక్కు తీర్చే పని తెలుగునేల మీదనే జరిగినది. సికింద్రాబాదులో 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ ఏర్పడినది. (తరువాత దాని పేరు, పేరులోని ‘మానసిక వికలాంగులు’ అన్న మాటా మారిపోయినవి.) ఆటిజం అంచనాకు భారతీయ కొలబద్దను ఈ సంస్థ తయారుచేసి, 2009లో వెలువరించినది. ఇందులో 40 అంశాలు ఉన్నవి. తోటివారితో సంబంధం గూర్చి తొమ్మిది, భావోద్వేగాలను గూర్చి అయిదు, మాటను గూర్చి తొమ్మిది, నడవడిని గూర్చి ఏడు, ఇంద్రియాలను గూర్చి ఆరు, ఆలోచనను గూర్చి నాలుగు. ఒక్కొక్క దానికి 1 నుండి 5 వరకు అంకె వేస్తారు. మొత్తం 70 దాటితే ఆటిజం ఉన్నట్లు. 153 దాటితే తీవ్రమైనట్లు.

ఇది పండితుల ముచ్చట కాదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉన్నవి. అందులో ఆటిజం లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ఆ పేరును మొదట చేర్చినది. 2016 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆటిజం ధ్రువపత్రాలకు సికింద్రాబాదు కొలబద్దను నిర్ణయించినది. అదే ఏడు చివర వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో వైకల్యాలు 21 అయినవి. ఆటిజం వాటిలో ఒకటి. చట్టం చెప్పిన మేరకు వైకల్యమున్నట్లు ధ్రువపత్రం పొందిన పిల్లవానికి ఆరు మొదలు పద్దెనిమిదేండ్ల వరకు ఉచిత విద్య హక్కు. కనుక 40 గళ్లలో పడే అంకెలు ఒక కుటుంబం బ్రతుకును మార్చగలవు.

ఇటువంటి పిల్లలు ఎందరు? హైదరాబాదుతో సహా దేశంలో అయిదు చోట్ల దాదాపు నాలుగువేల మంది పిల్లలను పరీక్షించిన ఒక పెద్ద పరిశోధన 2018లో వెలువడినది. ఆటిజం, మూర్ఛ, వినికిడి, మేధోవికాసం మొదలైనవాటిలో ఏదో ఒక ఇబ్బంది రెండు నుండి ఆరేండ్ల లోపువారిలో నూటికి 9 మందికి, ఆరు నుండి తొమ్మిదేండ్లవారిలో నూటికి 13 మందికి పైగా ఉన్నట్లు తేలినది. ఆటిజం మాత్రమే తీసుకొంటే ఇంతకంటె చాలా తక్కువ. అయినా నలభైమంది ఉన్న తరగతిలో ఏదో ఒక ఇబ్బంది గలవారు నలుగురైదుగురు ఉండడం వింత కాదన్నమాట. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద బడులకు వచ్చే వైద్య బృందాలు చూడవలసినవాటిలో వికాసపు ఆలస్యాలు ఉన్నవి. ప్రత్యేకావసరాలు గల పిల్లలకు భవిత కేంద్రాలు ఉన్నవి. కాని నిపుణుల వద్దకు ప్రయాణం తేలిక కాదు. గిద్దలూరు నుండి ఒంగోలు వంద కిలోమీటర్లకు పైచిలుకు. సికింద్రాబాదు ఇంకా ఎంతో దూరం. వానలు లేని ఏట కూలిపనికి వలసపోయే కుటుంబం, పిల్లవానిని చూపించడానికి పదేపదే పోగలదా?

ఇటీవలి కాలంలో ప్రశ్న మరొక వైపు తిరిగినది. 1990 తరువాత ఆటిజం గల పెద్దలే తమను గూర్చి రాయనారంభించారు. మెదళ్లు పలు తీరులుగా ఉండడం లోపం కాదు, వైవిధ్యం అన్న అర్థంలో ‘న్యూరోడైవర్సిటీ’, అనగా నాడీ వైవిధ్యం, అన్న మాట పుట్టినది. 2012లో డామియన్ మిల్టన్, తానూ ఆటిజం గలవాడే, ఒక సూటి ప్రశ్న వేశాడు: మేము మీ మనసును చదవలేమంటున్నారు, మీరు మా మనసును చదవగలుగుతున్నారా? ఎడినబరోలో కేథరీన్ క్రాంప్టన్ బృందం దీనిని పరీక్షించి 2020లో ప్రకటించినది. ఎనిమిదిమంది ఒకరి తరువాత ఒకరు ఒక కథను చెప్పుకొంటూ పోవాలి. అందరూ ఆటిజం గలవారైన వరుసలో కథ ఎంత నిలిచినదో, అందరూ లేనివారైన వరుసలోనూ అంతే నిలిచినది. రెండు తెగలనూ కలిపిన వరుసలోనే త్వరగా అరిగిపోయినది. ఇంతకంటె పెద్ద ఎత్తున జరిపి 2025లో వెలువరించిన పరిశోధనలో కలిపిన వరుసలు కూడా తీసిపోలేదు. అయితే ఆటిజం గలవారి వరుస మరొకదానికి తక్కువ కాదన్న సంగతి రెండింటిలోనూ నిలిచినది.

సికింద్రాబాదు కొలబద్దలో మొదటి అంశం ‘ఎదుటివారి కండ్లలోకి చూడడం తక్కువ’ అన్నదే. అంకె వేసే పద్ధతి మాత్రం గమనింపదగినది. ఆ లక్షణం కనబడే కాలం నూటికి 20 వంతులలోపు అయితే 1. 80 వంతులు దాటితే 5. పరీక్షించే వైద్యుడు పిల్లవానిని చూసేది ఏ గంటసేపో. కొత్త గది, కొత్త మనుషులు, బస్సు ప్రయాణపు బడలిక. అందుచేత దినంలో ఎన్ని వంతులు అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆయన తల్లిని అడుగుతాడు, లేదా బడి నుండి వచ్చిన కాగితం చూస్తాడు. పెద్దల ఎదుట తల వంచుకొన్నవాడు ఆటస్థలంలో తోటివాని ముఖం చూశాడా, వంతు వచ్చే వరకు ఆగాడా, రైలుబొమ్మ గీసిన పలకను ఎన్నడైనా ఎవరివైపైనా త్రిప్పాడా అన్నది, మార్కాపురంలోగాని యర్రగొండపాలెంలోగాని, ప్రతిదినం వానిని అయిదారు గంటలు చూసే పంతులుగారు రాసి పంపవలసినదే.